డీటీ దాకా పోవాలని

సివిలైజేషన్ ఆట మొదలయ్యేది క్రీస్తుపూర్వం 4000లో. మా ఇంట్లో మాత్రం రాత్రి భోజనాలయ్యాక. చక్రం కనిపెట్టేసరికి మావాడు పడుకుంటాడు, తుపాకిమందు కనిపెట్టేసరికి వీధి కుక్కలు కూడా పడుకుంటాయి. సిడ్ మైయర్ 1991లో తెచ్చిన ఆట ఇది. నేనాడేది 2016లో వచ్చిన ఆరో అవతారం. ఒక జాతిని చేతికిస్తారు. దాన్ని రాళ్ల పనిముట్ల కాలం నుంచి రాకెట్ల దాకా లాక్కురావాలి.

దీంతో నాకున్న చిక్కల్లా ఇది టర్న్‌ల ఆట కావడమే. నేను బటన్ నొక్కేదాకా శత్రువు చేతులు కట్టుకుని నిలబడతాడు. క్రికెట్ చూసేవాడికైతే ‘ఈ ఓవర్ అవనీ’ అనే వీలుంది. నాకు అదీ లేదు. ‘మీరు లేచొస్తే ఏమవుతుందండీ?’ అని మా ఆవిడ అడుగుతుంది. ఏమీ అవదు. ఆ మాట ఒప్పుకుంటే లేవాలి కాబట్టి ‘ఒక్క టర్న్’ అంటాను. ఆట తయారుచేసినవాళ్లు మరీ గట్టివాళ్లు. గెలిచాక కూడా వదిలిపెట్టకుండా, ‘ఇంకొక్క టర్న్’ అని అక్కడో బటన్ పెట్టారు.

ఒకసారి కుక్కర్లో పప్పు పెట్టి, మూడు విజిల్స్ రాగానే కట్టేయమని చెప్పి మా ఆవిడ కూరగాయలకు వెళ్లింది. విజిల్స్ శ్రద్ధగానే లెక్కపెట్టాను. రెండోదానికీ మూడోదానికీ మధ్య బార్బేరియన్లు గుర్రాలమీద వచ్చి రాజధాని పక్కనున్న నా గనిని ధ్వంసం చేశారు. వాళ్లను సరిహద్దు దాటించి వెనక్కి చూసేసరికి పప్పు అడుగంటి, వాసన మెట్లదాకా వెళ్లింది. ఆ పూట చారుతో తిన్నాం. గని మాత్రం బాగుచేయించాను.

ఈ ఆటలో ఎనిమిది స్థాయిలున్నాయి: సెట్లర్, చీఫ్‌టెన్, వార్‌లార్డ్, ప్రిన్స్, కింగ్, ఎంపరర్, ఇమ్మోర్టల్, డీటీ. సెట్లర్‌లో గెలిచిన రాత్రి మావాణ్ని నిద్రలేపి మరీ చూపించాను. ‘అది నేర్చుకునేవాళ్లకి నాన్నా’ అని అటు తిరిగి పడుకున్నాడు. చీఫ్‌టెన్, వార్‌లార్డ్ కూడా గెలిచాను. ఆఫీసులో లంచ్ దగ్గర ఈ సంగతి ఏ సందర్భమూ లేకుండానే ఎత్తేవాణ్ని. ప్రిన్స్‌లో ఏం జరిగిందన్నది ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు.

కింది స్థాయి గెలిస్తేనే పైది ఆడాలన్న నిబంధన ఈ ఆటలో లేదు. ఎక్కడ కావాలంటే అక్కడ మొదలుపెట్టుకోవచ్చు. ప్రిన్స్‌లో ఓడితే చేతగానివాడంటారు, డీటీలో ఓడితే ధైర్యవంతుడంటారు. ఇది గ్రహించాక నా ఎదుగుదల చాలా వేగంగా సాగింది. కింగ్‌లో ఓడి ఎంపరర్‌కి వెళ్లాను, అక్కడ ఓడి ఇమ్మోర్టల్‌కి వెళ్లాను. మా ఆఫీసులో ప్రమోషన్లు ఇంకోలా వస్తాయని నేననను.

డీటీలో నేను మొదటి ఊరు కట్టి ఊపిరి పీల్చుకునేలోపే పక్క రాజుకు మూడు ఊళ్లు. రాజ్యం స్థాపించుకోవడానికి నాకు ఒక్క బృందాన్ని ఇస్తే, వాడికి మూడింటిని ఇచ్చి పంపుతారు. పైగా ఉత్పత్తిలో 80 శాతం, బంగారంలో 80 శాతం అదనం. యుద్ధానికి దిగితే వాడి ప్రతి దళానికీ నాలుగు పాయింట్ల బలం ఊరికే కలుస్తుంది. తెలివి మాత్రం సెట్లర్‌లో ఎంతో ఇక్కడా అంతే. విలుకాండ్రను తెచ్చి నా గోడకింద వరసగా నిలబెట్టే అలవాటు ఏ స్థాయిలోనూ పోలేదు. ఈ అన్యాయమంతా ఒక ఆదివారం మా ఆవిడకు కాగితం మీద అంకెలు వేసి వివరించాను. బీరకాయ చెక్కు తీస్తూ ఓపిగ్గా వింది.

‘అయితే డీటీలో వాళ్లకి అన్నీ ముందే ఇచ్చేస్తారన్నమాట.’

‘అదే కదా నేననేది! వాళ్ల గొప్పేముంది ఇందులో?’

‘మరి మీరు గెలిచిన ఆ కింద మూడిట్లో?’

అక్కడ ఆ అదనపు బలం నా దళాలకు కలుస్తుంది. ఆ కాగితంలో ఈ వరస నేను రాయలేదు. తనకెలా తట్టిందో తెలియదు. పాలవాడి లెక్క కూడా ఇలాగే పట్టేస్తుంది.

‘ఎవరికీ ఏమీ ఇవ్వకుండా ఆడించేది ఒక్కటీ లేదా?’

‘ఉంది. ప్రిన్స్.’

‘అందులో ఎవరు గెలిచారు?’

కాసేపు కాగితం మడతపెట్టాను. ‘గాంధీ’ అన్నాను.

ఈ ఆటలో గాంధీ అణుబాంబులు వేస్తాడని ఆడేవాళ్లందరికీ ఓ పాత పరిహాసం. నా విషయంలో ఆయనకు అంత శ్రమ అక్కర్లేకపోయింది. ఆయన ఊళ్లమీద పడదామని నేను సరిహద్దులో సైన్యాన్ని పోగేస్తుంటే, ఆయన మతప్రచారకులు ఆ సైన్యం పక్కనుంచే నడుచుకుంటూ వచ్చి నా ఊళ్లన్నీ కలిపేసుకున్నారు. మత విజయం అని తెరమీద వచ్చాకగానీ నాకు సంగతి తెలియలేదు.

మా ఆవిడ చెక్కు తీయడం ఆపింది. ‘గాంధీగారి మీదికి యుద్ధానికెళ్లారా మీరు?’

ఆ సాయంత్రం ఈ కబురు ఫోన్లో మా అత్తగారికి చేరింది. స్పీకర్ పెట్టడంతో ఆవిడన్నదీ నాకు వినపడింది.

‘పోన్లేవే, ఆయనే గెలిచారుగా.’