గుండెపోటులో ఆడపిల్ల వాటా

ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు సమాన వాటా దక్కడానికి ఎన్టీఆర్ ప్రభుత్వం చట్టమే చేయాల్సి వచ్చింది; 1985 సెప్టెంబరు నుంచి వర్తింపజేశారు. కొలెస్టరాల్ ఆస్తికి ఆ తంటా లేదు. ఫెమీలియల్ హైపర్‌కొలెస్టెరోలీమియా అనే వంశపారంపర్య జబ్బు తల్లికో తండ్రికో ఉంటే, కొడుకైనా కూతురైనా సంక్రమించే అవకాశం సగానికి సగం. చెడు కొలెస్టరాల్‌ను (ఎల్‌డీఎల్) రక్తంలోంచి లాగేసే ఏర్పాటు పుట్టుకతోనే కుంటుపడుతుంది; అందుకే చిన్న వయసులోనే గుండెపోటు రావచ్చు. ఆ గుట్టు విప్పిన బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు నోబెల్ వచ్చిందీ 1985లోనే.

జన్యువు న్యాయంగానే పంచింది. అన్యాయమంతా మన పంపకాల్లో ఉంది. నలభై ఐదేళ్లకే తండ్రి గుండెపోటుతో పోతే కొడుక్కి లిపిడ్ పరీక్ష, కూతురికి పెళ్లిచూపులు. గోత్రం అడుగుతాం, నక్షత్రం అడుగుతాం, మేనమామ ఉద్యోగం అడుగుతాం; ఎల్‌డీఎల్ 190 దాటిందా అని మాత్రం అడగం. ఆ జబ్బు గుర్తుగా కనురెప్పల మీద పసుపు మచ్చలొస్తే బ్యూటీపార్లర్. మడమ వెనక గట్టి గడ్డలొస్తే నేరం చెప్పులది.

తీరా గుండెపోటు వచ్చాక కూడా ఆమె అర్హత నిరూపించుకోవాలి. పాత సినిమాల్లో గుమ్మడిగారిలా ఛాతీ పట్టుకుని ఒరిగితేనే గుండెపోటు. ఆయాసం, చల్లటి చెమటలు, వాంతి, దవడ లాగుడు, వీపు నొప్పి, అంతుపట్టని నీరసం అంటే గ్యాసు. గ్యాసు కాదంటే టెన్షను. టెన్షనూ కాదంటే అత్తగారితో గొడవ. ఛాతీలోనే నొప్పి అన్నా లాభం లేదు: "సన్నగా ఉన్నావు, నీకేం గుండెపోటు?" సన్నదనానికీ ఈ వంశపారంపర్య జబ్బుకీ సంబంధం లేదని ఎవరు చెప్పాలి? ఆమె కూడా పిల్లల బాక్సులు సర్ది, ఆయనకు కాఫీ ఇచ్చి, అప్పుడు కూలబడుతుంది. ధమని మూసుకుపోయినా వంటకు సెలవు లేదు.

అమ్మలారా, వాటా అడగండి. ఆ లక్షణాలు కనబడితే వాము నీళ్లు కాచకుండా 108కి ఫోన్ చేయండి. "మా ఇంట్లో చిన్న వయసులోనే గుండెపోట్లు వచ్చాయి" అని డాక్టరు అడక్కపోయినా చెప్పండి. ఆసుపత్రికి చేరిన పది నిమిషాల్లో ఈసీజీ తీయమనండి. అది బాగుందన్న ఒక్క మాటతో లేచి రాకండి. గుండె కండరం దెబ్బతిందేమో చెప్పే ట్రోపోనిన్ పరీక్ష చేయించండి, అవసరమైతే కొన్ని గంటలకు మళ్లీ. ఇంట్లో ఒకరికి ఈ కొలెస్టరాల్ జబ్బు తేలితే అక్కచెల్లెళ్లకూ కూతుళ్లకూ రక్తపరీక్ష చేయించండి.

పొలం వాటా రాకపోతే కోర్టుకెళ్లి ఇరవై ఏళ్లయినా పోరాడవచ్చు. ఈ వాటాకు వాయిదాలుండవు.