డీజిలు కారును పేట దాటనీయక నడుపు విధానము

చిక్కడపల్లిలో నివాసమును, ఆబిడ్సులో కార్యాలయమును, ఆదివారమునాడు సైతము హిమాయత్‌నగర్ దాటి పోవలసిన అగత్యము లేని జీవితమును గల గృహస్థుడు కారు కొనదలచెనని తెలిసినంతనే, పెట్రోలుది చాలునని హితము చెప్పు మిత్రులు నలుగురైనను బయలుదేరుదురు. వారిని ఆదరముతో కూర్చుండబెట్టి, కాఫీ యిచ్చి, పంపివేయవలెను. డీజిలు కారు కొనుటకు దూరము పోవుట కారణము కానక్కరలేదు. ఎన్నడైనను పోగలమను భావన చాలును.

పిమ్మట లెక్క వేయవలెను. అయితే సగమే వేయవలెను. హైదరాబాదులో డీజిలు లీటరుకు పెట్రోలుకంటె ఇంచుమించు 12 రూపాయలు తక్కువ. పైగా మైలేజీ లీటరుకు మూడు నాలుగు కిలోమీటర్లు ఎక్కువ. ఈ రెండును కలిసి కిలోమీటరుకు రెండున్నర రూపాయలు మిగులుననుకొందము. ఇంతవరకు వ్రాసి కలము మూసివేయుడు. మూయక సాగిపోయిన తుంటరులకు కనబడునది వేరు: దినమునకు 8 కిలోమీటర్ల చొప్పున ఏడాదికి 300 దినములు నడిపినను 2,400 కిలోమీటర్లే యగును, మిగులు 6,000 రూపాయలే యగును, డీజిలు ఇంజను నిమిత్తము షోరూములో అదనముగా చెల్లించిన లక్షయిరువదివేలు తిరిగి చేతికి వచ్చునప్పటికి ఇరువది సంవత్సరములు గడచును. రిజిస్ట్రేషను 15 సంవత్సరములకే తీరిపోవుననియు, మరల ఫిట్‌నెసు పరీక్ష కలదనియు తెలిసినవారికి ఈ రెండవ సగము మనశ్శాంతిని కలిగింపదు.

సలహాకై బంధువర్గములో 2012 ప్రాంతమున డీజిలు కారు కొనినవానిని ఆశ్రయింపుడు. ఆ యేడు మే మాసమున ఢిల్లీలో పెట్రోలు 73 రూపాయలు దాటగా డీజిలు 41 రూపాయలకు లోపుగనే లభించినది. అట్టి కాలమున ఆయన వేసిన లెక్క శిలాశాసనమై నేటికిని ఆ కుటుంబములో చెల్లుబడి యగుచుండును. 2014 అక్టోబరులో డీజిలు ధరపై ప్రభుత్వ నియంత్రణము తొలగుటయు, 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్ 6 నిబంధనలు వచ్చి డీజిలు కారును మరింత ఖరీదైన యంత్రముగా మార్చుటయు, ఆ తరుణముననే మారుతి సుజుకి సంస్థ డీజిలు కార్లకు స్వస్తి చెప్పుటయు ఆయనకు తెలియని విషయములు కావు. ఆయన ఎదుట ప్రస్తావింపదగని విషయములు.

ఇక నడుపుట. 1897లో జర్మనీదేశమందలి ఆగ్స్‌బర్గ్ నగరమున రుడాల్ఫ్ డీజిల్ తన యంత్రమును పరీక్షకు నిలిపినప్పుడు, ఇంధనములోని శక్తిని వేడిగా పోనీయక వీలైనంత పనిగా మలచుటయే ఆతని సంకల్పము. ఆ సద్గుణమే నేడు మీకు అక్కరకు వచ్చును: వేడిని వృథాచేయని యంత్రము తొందరగా వేడెక్కదు. నారాయణగూడ చౌరస్తాలో ఒక ఎఱ్ఱదీపమును, కింగ్‌కోఠిలో మఱియొక ఎఱ్ఱదీపమును సేవించి ఆబిడ్సు చేరు వేళకు ఇంజను అప్పుడప్పుడే ఒళ్లు విరుచుకొనుచుండును. అదియే ఆపివేయదగిన శుభముహూర్తము.

ఏలయన, సైలెన్సరు దారిలో మసిని పట్టి నిలుపు వడపోత యొకటి కలదు. మెకానిక్కులు దానిని డీపీఎఫ్ అందురు. తేనెపట్టు వలె సన్నని గదులుగల ఆ సాధనములో చేరిన మసి ఇంచుమించు 600 డిగ్రీల వేడిలోగాని భస్మము కాదు. హైవేమీద పోవు బండికి ఆ పని చాలవఱకు దారిలోనే, యజమానికి తెలియకయే జరిగిపోవును. పేటలో తిరుగు బండికి ఆ భాగ్యము లేదు గనుక, మసి మితిమీరినప్పుడు కంప్యూటరు తానే పూనుకొని, అదనముగా కొంత డీజిలును చిమ్మి, పొగగొట్టమును కాల్చి, పది యిరువది నిమిషములలో శుద్ధిచేయ నారంభించును. ఈ క్రతువును గుర్తించు లక్షణములు: బండి నిలిచియున్నను ఇంజను కొంత వడిగా తిరుగుట, ఫ్యాను ఆగకుండుట, ఏదో మాడుచున్న వాసన వచ్చుట. ఇవి కనబడినంతనే తాళము త్రిప్పి దిగి పొండు. నిత్యమును ఇట్లు విఘ్నము కలిగించుచు వచ్చినచో, కాలని డీజిలు సిలిండరు గోడలవెంట జాఱి ఇంజను ఆయిలులో కలియును. ఒకనాడు డిప్‌స్టిక్కు తీసి చూచినప్పుడు, ఎవ్వరును పోయకయే ఆయిలు మట్టము పెరిగియుండును. అక్షయపాత్ర లభించెనని మురిసిపొండు. ఆ ఆయిలు పలుచబడి బేరింగులను కాపాడలేక పోవుచున్నదను సంగతి తెలియుటకు ఇంకను వ్యవధి కలదు.

కొన్ని పెద్దబండ్లు యూరియా ద్రావణమును సైతము కోరును. పల్లెలో రైతు బస్తా యూరియాకై దుకాణము ముందు చెప్పులను వరుసలో పెట్టి నిరీక్షించుచుండగా, నగరమున కారు అదియే త్రావుచుండుట కలికాల ధర్మము. అయితే బస్తాలోనిది నీట కలిపి పోయకుడు. దానికి కావలసినది 32.5 శాతపు శుద్ధద్రావణము.

కడకు డాష్‌బోర్డుమీద వడపోత హెచ్చరిక దీపము వెలుగును. సర్వీసు సెంటరులోని యువకుడు, "సార్, అప్పుడప్పుడన్నా బండిని హైవే ఎక్కించండి సార్. సిటీలోనే తిప్పితే ఇంతే" అని సానుభూతితో పలుకును. అతని మాట పాటింపదలచితిరా, అదియును నియమముగనే పాటింపుడు: సెలవుదినమున సకుటుంబముగా బయలుదేరి, ఉప్పల్ నుండి నారపల్లివఱకు ఏండ్లతరబడి సాగుచు వచ్చిన పైవంతెన పనుల ధూళిని ఆస్వాదించి, ఘట్‌కేసర్ వద్ద 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు నెక్కి, టోలు చెల్లించి, గమ్యమేమియు లేక అరగంటసేపు ఒకే వేగమున పోయి, మరల టోలు చెల్లించి తిరిగి రావలెను. పిల్లలు ఎక్కడికి పోవుచున్నామని అడిగినచో మసి కాల్చుటకని నిజము చెప్పవచ్చును. డీజిలు పొదుపునకై కొనిన బండి, డీజిలు కాల్చగా వచ్చిన మసిని కాల్చుటకు డీజిలు కాల్చుచున్నదను విచారము మాత్రము దారిలో పెట్టుకొనరాదు. అది వేగమును మందగింపజేయును. ఈ యాత్రకు సోమరులైనవారికి వడపోతనే మార్చుకొను సదుపాయము కలదు. దాని బిల్లు వేలలో మొదలై లక్షలవైపు చూచుచుండును. దానిని పీకి పారవేసెదనని గుసగుసలాడు షెడ్డు మేస్త్రీ కూడ దొరకును. అది చట్టవిరుద్ధమని మాత్రము అతడు చెప్పడు.

ప్రతిదినము సూర్యాపేటకు పోయివచ్చువారును, వారము వారము విజయవాడ వెళ్లివచ్చువారును డీజిలు కారును మెచ్చుకొనుచుందురు. వారు చెప్పునది యథార్థమే. వారి బండ్లు వేడెక్కును, వారి లెక్క రెండవ సగములోకూడ లాభమే చూపును. అట్టివారితో సహవాసము మీకు తగదు.

విసుగు పుట్టి అమ్మివేయదలచినప్పుడు, ఈ విధానము యొక్క మహిమ సంపూర్ణముగా వెల్లడియగును. ఐదేండ్ల బండికి మీటరుమీద 12,000 కిలోమీటర్లే యుండును. సీట్లు నలుగవు, టైర్లు అరుగవు. "సింగిల్ ఓనర్, సిటీలోనే తిరిగిన బండి" అని ప్రకటన యిచ్చి, మిగిలినది మీటరునకే వదలివేయుడు. విజయవాడ దారిన తిరుగువాడెవడైనను వచ్చి ఆయిలు మూత విప్పుమనినచో మర్యాదగా సాగనంపుడు. కొనవచ్చినవాడు రాంకోఠిలో ఇల్లును, నారాయణగూడలో దుకాణమును గలవాడై, మైలేజీ ఎంత వచ్చునని మాత్రమే అడిగినచో, ధర ఒక్క రూపాయియైనను తగ్గింపకుడు.