చీటీ అంటిస్తే చాలు

2021లో ఓపెన్‌ఏఐ చిత్రాలను గుర్తించే తన ‘క్లిప్‌’ ఏఐ మోడల్‌కు పచ్చ యాపిల్‌ చూపించింది. గ్రానీ స్మిత్‌ అంటూ రకంతో సహా 85.6 శాతం నమ్మకంతో చెప్పేసింది. అదే పండుకు ‘ఐపాడ్‌’ అని పెన్నుతో రాసిన కాగితం ముక్క అంటించారు. అంతే, 99.7 శాతం ఐపాడేనట! తొడిమ ఎదురుగా కనిపిస్తున్నా సరే.

కుక్క ఫొటో మీద డాలర్‌ గుర్తులు చల్లితే పిగ్గీ బ్యాంకంది. (డబ్బు కనిపిస్తే చూపు మారడం మనుషులకూ ఉన్న జబ్బే లెండి.)

ఇంతవరకూ నవ్వులాటే. 2020లో సైబర్‌ భద్రతా సంస్థ మెకాఫీ పరిశోధకులు 35 మైళ్ల వేగపరిమితి బోర్డుపై రెండంగుళాల నల్లటేపుతో 3 మధ్యగీతను కాస్త సాగదీశారు. 2016 నాటి టెస్లా కారు దాన్ని 85గా చదువుకుని హుషారుగా వేగం అందుకుంది. బ్రేకు తొక్కింది మాత్రం లోపలున్న మనిషి.