డెయిరీ ఓనరుగారికి పెత్తనం పాఠాలు

ముందు గేదెల్ని కొనండి, మనుషుల సంగతి తర్వాత. రోహ్‌తక్ దాకా వెళ్లి, ఇరవై ముర్రా గేదెల్ని లారీ ఎక్కించి, వాటి మధ్య నిలబడి ఫొటో దిగి, తీరా లారీ నరసరావుపేట చేరాక గుర్తు తెచ్చుకోండి, వీటిని పిండేదెవరని. అప్పుడు మేస్త్రీకి ఫోన్ కొడితే బీహార్ నుంచో ఒడిశా నుంచో ఒక జంటను దింపుతాడు. ఇంకో జంటను ఊళ్లోనే కుదుర్చుకోండి.

జంటల్ని పెట్టుకోవడంలో ఉన్న లాభమే వేరు. జీతం మొగుడికి మాట్లాడితే పెళ్లాం చాకిరీ కలిసొస్తుంది. పేడ ఎత్తడం, కుడితి కలపడం, చొప్ప నరకడం, దూడల్ని చూడటం ఇవన్నీ ఆవిడ ఊరికే కూర్చోలేక చేసే పనులు కాబట్టి లెక్కలోకి రావు. నాయకురాలు నాగమ్మ మంత్రిగా ఉండి గురజాల రాజ్యాన్ని నడిపిన నేల ఇది. అయినా పేడతట్ట ఎత్తే ఆడమనిషికి విడిగా జీతమనేసరికి మనకు నోరు తిరగదు.

తర్వాతది అడ్వాన్సు. పూర్వం పాలేరును ఉగాదికి ఏడాది జీతానికి కుదుర్చుకునేవాళ్లు, బాకీ తీరకపోతే మళ్లీ ఉగాదికీ వాడే. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది గనుక మీరు ఆ భాష వాడకండి. అడ్వాన్సు ఇచ్చి, ఆధార్ కార్డు పోగొట్టుకుంటారేమోనని మీ బీరువాలో దాచిపెట్టండి. అడిగినప్పుడల్లా తాళంచెవి హైదరాబాద్‌లో ఉందని చెప్పండి.

ఎవరి పని ఏమిటో మాత్రం తేల్చి చెప్పకండి. ‘అంతా మీదే అనుకుని చూసుకోండయ్యా’ అంటే చాలు. గేదె పెయ్యదూడను ఈనితే అది మీ అదృష్టం, పొదుగు వాస్తే వాళ్ల నిర్లక్ష్యం.

ఇక అసలు సంగతి, పాలు పిండటం. తెల్లవారుజామున మూడున్నరకు లేస్తే ఐదున్నరకు పాలవ్యాను వచ్చేలోపు ముగించాలి. పాడి మీద ఉన్నవి పద్నాలుగు అనుకుందాం. దూడను వదిలి చేపించాలి, మళ్లీ లాగి కట్టాలి, పొదుగు కడగాలి, పిండాలి. ఒక్కో గేదెకు పది పన్నెండు నిమిషాలకు తక్కువ కాదు. మీరు కుర్చీలో కూర్చుని ‘గంటలో అయిపోవాలి’ అనండి. అయిపోతుంది కూడా. ఎలాగంటారా? చివరి ధారలు పొదుగులోనే వదిలేస్తే సరి. వెన్న ఎక్కువగా ఉండేది ఆ చివరి ధారల్లోనే. అవి క్యానులో పడకపోతే కేంద్రంలో ఫ్యాట్ పడిపోతుంది, పది రోజుల బిల్లు చిక్కిపోతుంది, పొదుగులో మిగిలిన పాలు వాపుకు దారి తీస్తాయి. మీరు మాత్రం నీళ్లు కలిపారని తిట్టి, పొదుగువాపు మందుల ఖర్చు జీతంలో కోసుకోండి.

సీసీ కెమెరాలు తప్పనిసరి. కాకపోతే వాటిని మనుషులవైపు తిప్పి ఉంచండి. ఆవు ఎదకొస్తే అరిచి ఊరంతా చాటుతుంది. గేదె అలా కాదు. దాని ఎద మూగది, అదీ ఎక్కువగా రాత్రిపూటే. తోక కింద సన్నగా తీగ వేలాడుతుంటే టార్చిలైటు వెలుగులో గమనించాల్సింది ఆ మూడున్నరకు లేచిన మనిషే. ‘సార్, మూడో గుంజ గేదె తీగలేసింది’ అని అతను ఫోన్ చేస్తే, నిద్ర చెడగొట్టినందుకు కసిరి, ‘పొద్దున్నే చూద్దాంలే’ అని పడుకోండి. పొద్దున మర్చిపోండి. సాయంత్రానికల్లా సూది వేయించాల్సిన గేదె మరో 21 రోజులు దాణా తింటూ మీ కోసం ఎదురుచూస్తుంది. కెమెరాలో మీకు దొరికేది మధ్యాహ్నం రెండింటికి గడ్డివాము నీడన అతను కునుకు తీసిన దృశ్యం. దాన్ని గ్రూపులో పెట్టండి.

గేదె ఈసుకుపోయినప్పుడు మావి వట్టి చేతులతోనే తీయించండి, చేతి తొడుగులు దండగ. బ్రూసెల్లోసిస్ గేదె నుంచి మనిషికి అంటుతుందనీ, జ్వరం వస్తూ పోతూ నెలల తరబడి పీడిస్తుందనీ డాక్టరుగారు చెప్పబోతే మాట మార్చండి. ఆ జ్వరానికి బద్ధకమని మీరే పేరు పెట్టుకోవచ్చు. ఈత కష్టమైతే పశువుల అంబులెన్సు నంబరు 1962కు ఫోన్ చేయొచ్చని కూడా పనివాళ్లకు చెప్పకండి. తెలిస్తే మిమ్మల్ని అడక్కుండానే గేదెను బతికించేస్తారు.

ఎండాకాలం రెంటచింతల పేరు రోజూ పేపర్లో వస్తుంది. నల్లతోలు, చెమట పట్టడం తక్కువ, గేదె తట్టుకోలేదు. ఫ్యాన్లు, ఫాగర్లు పెట్టించండి. పనివాళ్ల గదికి రేకులు చాలు. వేడికి గేదె పాలు తగ్గిస్తే నష్టం ఆ పూటే లీటర్లలో తెలుస్తుంది. మనిషిని కొలిచే క్యాను ఇంకా రాలేదు.

గేటు పక్క గోడ మీద, అన్ని కులాల్నీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టిన బ్రహ్మనాయుడి చాపకూడు బొమ్మ వేయించుకుంటే చూసిపోయేవాళ్లకు ముచ్చటగా ఉంటుంది. పనివాళ్ల టీగ్లాసులు ఆ గోడకు అవతల బోర్లించండి.

ఇంత చేసినా సంక్రాంతి దాటి మిరపకోతలు ఊపందుకునే వేళకు ఊరిజంట కనిపించదు. కోతలో సాయంత్రానికి డబ్బు చేతిలో పడుతుంది, రాననుకున్న రోజు రాకపోయినా అడిగేవాడు లేడు, పైగా మొగుడి కూలి మొగుడిది, పెళ్లాం కూలి పెళ్లానిది. గేదెకు ఆదివారం లేదన్నది నిజమే. వారానికొక రోజు మారు మనిషిని పెడితే సరిపోయేదే, కానీ అది ఖర్చు. నెల తిరక్కుండా బీహార్ జంట కూడా ఆధార్ మీకే వదిలేసి రైలెక్కుతుంది.

అప్పుడు గేదెల్ని అమ్మకానికి పెట్టండి. కారణం ‘లేబర్ ప్రాబ్లం’ అనండి, ఎవరూ మారు ప్రశ్న వేయరు. కొనడానికొచ్చిన ఆసామి మాత్రం ఏ గేదె పూటకెంత ఇస్తుంది, ఏది ఎన్నో నెల చూడిది, ఏది తన్నుతుంది అని అడుగుతాడు. అవన్నీ నోటికి చెప్పగలిగిన మనిషి మాచర్ల పక్క ఏదో మిరపచేలో ఉంటాడు. నంబరు దాచుకుని ఉంటే ఫోన్ చేయండి, ఎత్తితే మాట్లాడండి.