పూతన పావడా

1901లో పోర్ట్ స్వెట్టెన్‌హామ్ అని ఓ దొర పేరుతో మొదలై, 1972లో పేరు తిరగేసుకుని పోర్ట్ క్లాంగ్ అయింది మలేషియాలోని మా ఊరు. ఈ రేవు 2023లో, ఇరవై అడుగుల పెట్టెల లెక్కన, కోటీ నలభై లక్షల కంటెయినర్లు దించి ఎక్కించింది. వాటిలో పిల్లల బొమ్మలు ఎన్ని ఉంటాయో ఆ సముద్రుడికే తెలియాలి. అయినా మా మనవరాలికి బొమ్మ అమ్మమ్మే కుట్టాలట. అదీ మామూలు బొమ్మ కాదు, తిరగేసే బొమ్మ.

దీనికి కాళ్లుండవు. నడుం పైన ఒక మనిషి, కాళ్లుండాల్సిన చోట తలకిందులుగా ఇంకో మనిషి, మధ్యలో రెండు పొరల పావడా. ఇటు దింపితే ఒకరు, అటు దింపితే ఇంకొకరు. అమెరికా దక్షిణాదిలో, బానిసలతో తోటలు చేయించిన కాలంలో పుట్టిందంటారు. ఒకవైపు తెల్ల పిల్ల, మరోవైపు నల్ల పిల్ల. ఒకరు పైకొస్తే ఇంకొకరు పావడా కిందికి పోవాల్సిందే. రబ్బరు ఎస్టేటు కూలికి ఈ రేవులోనే ఓడ దిగిన తాత మనవరాలిని, నాకు ఆ ఏర్పాటు పెద్ద వింతగా అనిపించలేదు. తర్వాత్తర్వాత దాన్ని కథల్లోకి మళ్లించారు: ఎర్ర టోపీ పిల్ల, తిప్పితే అవ్వ, అవ్వ టోపీ వెనక తోడేలు.

మనకి తోడేలు దేనికి? భాగవతంలో పూతన ఉంది. చక్కని చుక్కగా ముస్తాబై నందుడింట్లోకి నడిచొచ్చి, ప్రాణం పోయేటప్పుడు గానీ అసలు రూపు చూపించని మహాతల్లి. ఈ బొమ్మ కోసమే పుట్టింది.

బట్టకి కొదవ లేదు. క్లాంగ్‌లో జలాన్ టెంకు కెలానా వీధికి వెళ్తే చీరల కొట్లే కొట్లు. అందగత్తెకి అక్కడి జరీ ముక్క తెచ్చాను. రాక్షసికి మా ఆయన పాత గళ్ల లుంగీ. ఇక్కడ దాన్ని కైన్ పెలికాట్ అంటారు. ఒకప్పుడు మన పులికాట్ రేవులో ఓడెక్కి వచ్చిన సరుకు మరి.

"అంత చరిత్ర ఉన్న లుంగీని చింపేశావా?" అన్నారాయన.

"చరిత్ర ఉంది గానీ, వెనకవైపు బట్టే లేదండీ!"

లోపల కూరడానికి బూరుగు దూది. ఈ ఊరి చెమ్మకి అది ఉండలు కడుతుంది కనక, ఎండ కనిపించినప్పుడల్లా తీగ మీద ఆరేయాలి. తలకిందులుగా వేలాడదీశానని పిల్ల ఏడ్చే పని లేదు. ఎలా వేలాడదీసినా ఒకరు నిటారుగానే ఉంటారు.

అసలు పరీక్ష నడుం దగ్గర. రెండు పావడాల మంచివైపులూ ఎదురెదురుగా పెట్టి అంచు కుట్టి, తిరగేసి, పైన కుచ్చులు పోసి నడుముకి బిగించాలి. మిషను కింద పెడదామంటే రెండు తలలూ అడ్డమొస్తాయి, చేతికుట్టే గతి. కళ్లకి గుండీలు వద్దు, పసివాళ్లు పీకి మింగుతారు. దారంతో కుట్టడమే మేలు. కోరలు కూడా అంతే.

తీరా ఇస్తే పిల్ల అందగత్తెని చూసి, "ఈవిడెవరు అమ్మమ్మా?" అంది.

"పూతన."

తిప్పింది. "మరి ఈవిడ?"

"ఈవిడా పూతనే."

ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "ఓహో! అమ్మ ఆఫీసుకెళ్లేటప్పుడు, ఆఫీసు నుంచి వచ్చాక!" అని తేల్చేసింది. వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. మా అమ్మాయి ఆ బొమ్మని ఇప్పటికీ ముట్టుకోదు.

పిల్ల మాత్రం రాక్షసినే వాటేసుకుని పడుకుంటుంది. అందగత్తె జరీ గుచ్చుకుంటుందట. కాబట్టి కుట్టబోయేవాళ్లు జరీకి డబ్బు తగలేయకండి. రెండువైపులా పాత లుంగీలే వాడండి. ఇంట్లో మగవాళ్లని మాత్రం ముందుగా అడక్కండి.