హోటల్ పసిఫిక్‌లో ఒక గది

జపాన్ పాటల్లో మనుషులు ఏడవాలంటే ఇంట్లో ఉండరు. బయలుదేరి వెళ్లి ఏ సత్రంలోనో, ఏ హోటల్లోనో దిగుతారు. మియాకో హరుమి 1975 చివర్లో పాడిన ‘కిత నో యాదో కారా’లో ఒక స్త్రీ ఉత్తరాది చలిలో, ఊరూ పేరూ లేని బసలో కూర్చుని, దూరమైనవాడి కోసం స్వెటర్ అల్లుతుంటుంది. అతను దాన్ని వేసుకోడని ఆమెకి తెలుసు. మరుసటి ఏడాది జపాన్ రికార్డ్ అవార్డు ఆ పాటకే దక్కింది. రాసిన అకు యూ ఆ సత్రానికి పేరు పెట్టలేదు. మంచి పని చేశాడంటాను. పేరు లేని సత్రం అప్పులపాలు కాదు, చేతులు మారదు.

పేరున్న హోటల్ కథ వేరు.

2000 జూలైలో సదరన్ ఆల్ స్టార్స్ బృందం ‘హోటల్ పసిఫిక్’ అనే పాట విడుదల చేసింది. ఆ ఏడాది మొదట్లోనే ‘త్సునామి’ పాటతో దేశాన్ని ఊపేసిన బృందం అది. పాట కట్టి పాడిన కువాతా కెయిసుకె 1956లో చిగసాకిలో పుట్టాడు. టోక్యోకి నైరుతిగా, రైల్లో గంట దూరంలో ఉన్న సముద్రతీరపు ఊరు. వేసవి, సముద్రం, ఒడ్డున హోటల్, చేజారిన ప్రేమ. వింటుంటే కాలు ఆగదు, లోపల మాత్రం ఎక్కడో మెలిపెడుతుంది. సంతోషంగా గెంతిస్తూనే దిగులు పుట్టించడం కువాతాకి తెలిసినంతగా ఆ తరంలో ఇంకెవరికీ తెలియదని నా నమ్మకం.

ఆ హోటల్ ఆయన కల్పించింది కాదు. 1960ల మధ్యలో, కువాతా ఇంకా బడిపిల్లవాడుగా ఉన్నప్పుడు, చిగసాకి ఒడ్డున పసిఫిక్ హోటల్ లేచింది. గీసినవాడు కికుతాకె కియోనోరి. నగరాలు కూడా ప్రాణుల్లా పెరగాలి, మారాలి అని వాదించిన ‘మెటబాలిజం’ వాస్తుశిల్పుల్లో ముఖ్యుడు. ఈతకొలను, బౌలింగ్ హాలు, గదిలోంచి చూస్తే సముద్రం. పల్లెకారుల ఊరికి అదొక కొత్త లోకం. దాని యజమానుల్లో ఇద్దరు సినిమా తారలు: తండ్రి ఉఎహారా కెన్, కొడుకు కయామా యూజో.

కయామాని మన పాఠకుల్లో కొందరు చూసే ఉంటారు. అకిరా కురొసావా 1965లో తీసిన ‘రెడ్ బియర్డ్’లో తొషిరో మిఫునె దగ్గర చేరి, మొదట బిర్రబిగుసుకుని, చివరికి కరిగిపోయే కుర్ర డాక్టరు ఆయనే. ఆ ఏడాది డిసెంబరులోనే ఆయన స్వరపరిచి పాడిన ‘కిమి తో ఇత్సుమాదెమో’ ఇంటింటా మోగింది. ప్రియురాలితో కలకాలం కలిసి ఉంటానని చెప్పే పాట. అందగాడు, గాయకుడు, ఒడ్డున హోటలు. ఆ వయసులో మనిషికి ఇంతకన్నా ఏం కావాలి?

1970లో హోటల్ కంపెనీ దివాలా తీసింది. రోజువారీ నడిపింది ఆయన కాదు. కానీ కంపెనీ పెద్దల జాబితాలో ఆయన పేరుంది, ఆ పేరు లోకానికంతా తెలుసు. 230 కోట్ల యెన్ల అప్పు నెత్తిన పడింది. అప్పట్లో చలామణిలో ఉన్న 500 యెన్ల నోటు మీద బొమ్మ ఇవాకురా తొమొమిది. మెయిజీ కాలపు ఆ రాజనీతిజ్ఞుడు కయామాకి తల్లి వైపు పూర్వీకుడు. సొంత పూర్వీకుడి ముఖం ఉన్న నోట్లు 46 లక్షలు కడితే గానీ తీరని అప్పు.

సరిగ్గా ఆ ఏడాదే నటి మత్సుమోతో మెగుమి ఆయన్ని పెళ్లాడింది. ఒక్క గుడ్డు కొట్టి, ఇద్దరూ చెరిసగం వేడన్నంలో కలుపుకుని తిన్న రోజులున్నాయని కయామా తర్వాతి కాలంలో చెప్పుకున్నారు. సినిమా అవకాశాలు సన్నగిల్లాయి. క్యాబరేల్లో, నైట్‌క్లబ్బుల్లో, తాగేవాళ్ల సందడి మధ్య పాడారు. వచ్చింది వచ్చినట్టు అప్పులోకి పోయింది. పదేళ్లు పట్టింది, తీర్చేశారు. కలకాలం కలిసి ఉంటానన్న పాట పాడింది ఆయన, దాన్ని నిలబెట్టింది ఆవిడ. జపాన్ ప్రేమపాటల చరిత్రలో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించేది ఆ సగం గుడ్డే.

హోటల్ వేరే చేతుల్లోకి వెళ్లి ఇంకొన్నాళ్లు నడిచింది. ఊరు మాత్రం ఎవరినీ వదులుకోలేదు. స్టేషన్ నుంచి సముద్రం వైపు వెళ్లే వీధిని ఇప్పటికీ యూజో వీధి అంటారు. 1999లో బీచ్‌కి సదరన్ బీచ్ అని కువాతా బృందం పేరే పెట్టారు. ‘హోటల్ పసిఫిక్’ పాట వచ్చిన మరుసటి నెలలో, ఊరి బేస్‌బాల్ మైదానంలో ఆ బృందం రెండు రాత్రులు కచేరీ చేసింది. హోటల్ అప్పు తీర్చడానికి ఒక గాయకుడు పదేళ్లు పాడితే, అదే హోటల్ మీద అదే ఊరి పిల్లవాడు కట్టిన పాటని దేశమంతా పాడింది.

అంతటి పాట విన్నాక ఆ హోటల్లో ఒక్క రాత్రయినా ఉండాలని ఎవరికి అనిపించదు? దారి సులువే. టోక్యోలో టోకైడో లైన్ రైలెక్కి చిగసాకిలో దిగాలి. దక్షిణం వైపు బయటికి వచ్చి యూజో వీధి పట్టుకుని నడిస్తే సముద్రం వస్తుంది. నీళ్లలో నిక్కపొడుచుకున్న ఎబోషి రాయి కనిపిస్తుంది. ఒడ్డు వెంబడే 134వ నంబరు జాతీయ రహదారి. హోటల్ చోటు ఆ తీరంలోనే.

అక్కడ అపార్ట్‌మెంట్లున్నాయి. పాట విడుదల కాకముందే హోటల్‌ని పడగొట్టేశారు.