మత్స్యావతారం గారు

మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఉండే ఆయనకు ఆధార్ కార్డు మీద వేరే పేరుంది. మెయింటెనెన్స్ రసీదు రాసేటప్పుడు తప్ప అదెవరికీ గుర్తురాదు. హాల్లో రెండడుగుల గాజుతొట్టి పెట్టగానే మత్స్యావతారం గారైపోయారు. హైదరాబాదులో ఏ కాలనీకెళ్ళినా ఇలాంటివారొకరు తగులుతారు. లిఫ్టులో ఎదురైతే గుర్తుపట్టడం తేలిక. చొక్కా మోచేతుల దాకా తడిసి ఉంటుంది, జేబులో పెన్నుండాల్సిన చోట సూది లేని సిరంజి ఉంటుంది. "బాగున్నారా" అని అడగరు. "మీకివాళ మంజీరా నీళ్ళా, ట్యాంకరా?" అంటారు.

ఆయన చేపల్ని పెంచుతున్నారని మనం అనుకుంటాం గానీ, పెంచేది నీళ్ళని.

తొట్టి కొన్న కొత్తలో నెల దాటినా అందులో ఒక్క చేప లేదు. గులకరాళ్ళున్నాయి, మోటారు బుడబుడమంటోంది, లైటు వెలుగుతోంది. రోజూ పొద్దున ఎనిమిదింటికి ఆయన కళ్ళజోడు సర్దుకుని, ఆ ఖాళీ నీళ్ళలో చిటికెడు చేపల మేత వేసి, చేతులు కట్టుకుని తదేకంగా చూస్తూ నిలబడేవారు. పనిమనిషి ముందు భయపడింది, తర్వాత జాలిపడింది, ఆ తర్వాత వాచ్‌మన్‌కి చెప్పింది. మిగతా పని వాచ్‌మన్ చూసుకున్నాడు. చివరికి సెక్రటరీ గారు ఉండబట్టలేక అడిగేశారు.

"చేపలెప్పుడొస్తాయండీ?"

"నీళ్ళింకా పండలేదండీ."

అందరూ నవ్వుకున్నారు గానీ శాస్త్రం ఆయన పక్షానే ఉంది. మేత కుళ్ళితే అమ్మోనియా పుడుతుంది. చేప వదిలేదీ అదే, చేపని చంపేదీ అదే. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైటుగా మారుస్తుంది. అదీ విషమే. ఇంకో రకం వచ్చి దాన్ని నైట్రేటు చేస్తే, కాస్త ఎక్కువతక్కువైనా చేప ఓర్చుకుంటుంది. ఈ రెండు తెగలూ ఫిల్టరు స్పాంజిలో కాపురం పెట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తొట్టీ చేపలూ ఒకే రోజు కొని తెచ్చుకున్నవాళ్ళింట్లో, వారం తిరక్కుండా చేపలు తేలిపోయేది ఇందుకే. మత్స్యావతారం గారు రోజూ గాజుగొట్టంలో నీళ్ళుపోసి మందుచుక్కలేసి, కిటికీ వెలుతురులో పట్టుకుని, పసుపా ఆకుపచ్చా అని ఇంటిల్లిపాదినీ సాక్ష్యానికి పిలిచేవారు. ఒకరోజు నిఖార్సైన పసుపు తేలింది. ఆ సాయంత్రం వాళ్ళావిడ మాకు కేసరి పంపారు. ఏమిటండీ విశేషం అంటే, "అమ్మోనియా పోయిందట" అన్నారు.

తర్వాత గప్పీలొచ్చాయి. బోరునీళ్ళ గట్టిదనం వాటికి పడుతుందట, నియాన్ టెట్రాలకు పడదట. వాటితోపాటే ఎర్ర బకెట్టొకటి వచ్చింది. దానికి సబ్బు సోకకూడదు, మనుషులు స్నానం చేయకూడదు. ఆదివారం ఆదివారం తొట్టిలో పావువంతు నీళ్ళు తీసి కుండీలకు పోస్తారు. అపార్ట్‌మెంటంతా తాలింపుకి వాళ్ళ కరివేపాకే తెంపుకెళ్తోంది.

ఒకసారి పనిమనిషి, పాపం ప్రేమకొద్దీ, జిడ్డుగా ఉన్న స్పాంజిని అంట్ల సబ్బేసి తెల్లగా తోమిపెట్టింది. తొట్టిలో పాత నీళ్ళతోనే పిండాల్సిన వస్తువది. కుళాయి నీళ్ళలో క్లోరిన్ తగిలితేనే గల్లంతు, ఇక సబ్బంటే చెప్పాలా! ఆయన సోఫాలో కూలబడ్డారు. చేపలు హాయిగా ఈదుతూనే ఉన్నాయి. ఎవరు పోయారండీ అంటే, "కోట్ల ప్రాణాలు" అని కళ్ళొత్తుకున్నారు.

చుట్టాల పిల్లలు చేపలకు బిస్కెట్టు వేయబోతే చెయ్యి పట్టుకునేంత కఠినుడు. రెండు నిమిషాల్లో తినేసేంతే మేత, ఆపైన మెతుకు వేయరు. "ఆకలిగా చూస్తోందండీ" అంటే, "పెళ్ళిలో రెండో బంతివాళ్ళూ అలాగే చూస్తారు" అంటారు. మే నెలలో కరెంటు పోయి ఇన్వర్టరు నీరసించిందంటే ముందు ఆగేది ఫ్యాను. నీళ్ళు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది కాబట్టి ఫిల్టరు ఆగకూడదు. మనుషులకు విసనకర్రలున్నాయి కదా అని ఆయన వాదన.

పురాణాల మీదా సొంత వ్యాఖ్యానముంది. రెండో అంతస్తు కుర్రాడు ఆస్కార్ చేపపిల్లని కొంటానన్నాడు, అంతే, కూర్చోబెట్టారు. "సత్యవ్రతుడు దోసిట్లో పడ్డ చేపపిల్లని కమండలంలో వేశాడు. చాల్లేదు. కడవలో వేశాడు, సరస్సులో వేశాడు, చివరికి సముద్రం దాకా మోసుకెళ్ళాడు. ఎందుకూ? ఎంత పెరుగుతుందో ముందు కనుక్కోలేదు గనక. ఆస్కార్ అడుగుదాకా పెరుగుతుంది బాబూ. మీ తొట్టెంత?"

ఇంత చదివి ఆయన చేపలు ముట్టరనుకునేరు. మొన్న ఆదివారం నన్ను భోజనానికి పిలిచారు. వాళ్ళావిడ పొద్దుటినుంచీ నిలబడి మట్టి దాకలో బొచ్చె పులుసు పెట్టారు. ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు.

"ఎలా ఉందండీ?" అన్నారావిడ, గరిటె పట్టుకుని.

"మట్టివాసనొస్తోంది. ఆ చెరువులో నాచు బాగా ముదిరింది. సగం నీళ్ళు మార్చాలి."

రెండో ముక్క నా విస్తట్లో పడింది.